జంగన్న దిగే బండ

మా అన్న సైకిల్ దిగడని మార్కెట్ల అందరు అంటుండె. రొట్టెలు పంచేటోనికి గంత టెక్కేంది, దుకాణం ముంగట సైకిల్ మీదనె కూసోని గంట గొడతడు, మనమే బయటికొచ్చి తీస్కోవాలె, నవాబు పుట్టుక పుట్టిండా ఈయన అని. నేను ఇనుకుంట ఊకునేదాన్ని. ఊకునుడు నా ఒంట్ల లేదు, నల్గొండ కూరగాయల మార్కెట్ల ఎవల్నన్న అడుగుర్రి. తూకంల ఒక్క మిరపకాయ తక్కువొచ్చినా కొట్లాడుత. గని అన్న ముచ్చట వస్తె నోరు కట్టేసుకునేదాన్ని. ఆయన నా తోని ఒట్టు పెట్టించుకున్నడు గద.

నా పేరు సైదమ్మ. మార్కెట్ పక్క సందుల జొన్నరొట్టెలు చేసి అమ్ముత. మా అన్న జంగయ్య. నేను చేసిన రొట్టెలు హ్యాండిల్‌కు సంచిల పెట్టుకోని దుకాణాలకు, ఆఫీసులకు తిరిగి ఇచ్చొచ్చేది ఆయన పని. ఆయన దిగకపోవుడు టెక్కుతోని గాదు. దిగలేకనే.

మాది మునుగోడు దిక్కు ఊరు. సిన్నప్పటి సంది బోరు నీళ్లు తాగినం. నాకు పండ్లు గారపట్టుడుతోనే పోయింది. అన్నకైతె ఆ ఫ్లోరైడు ఎముకలల్ల కూసున్నది. నడుము ఒంగదు, మెడ పూర్తిగ తిరుగదు, తుంటి కాడ కాలు లేవదు. నడిస్తె గోడ పట్టుకోని నాలుగడుగులు, మళ్ల ఆగుడు. తర్వాత ఇంటింటికి నల్లాల మంచి నీళ్లొచ్చినయ్, మంచిదే, గని ఎముకల కూసున్న నీళ్లు ఎనుకకు పోతయా. మోకాళ్లు మాత్రం పెడల్ తొక్కేటంత వంగుతుండె. ఒక్కసారి సీటు మీద కూసున్నడంటె మా అన్న గాలే. పోరగాండ్లు మోటరు సైకిళ్ల మీద గూడ ఆయన లెక్క సందులల్ల తిరుగకపోయేది.

ఎక్కుడు, దిగుడు, గదే గోస. నడిమిట్ల రాడ్డున్న మగోళ్ల సైకిల్ ఆయనది. దాని మీదికెళ్లి కాలు ఇవతలికి తేవాలంటె మనిషి ఎత్తు మీద నిలవడాలె. నా పొయ్యి ముంగట ఓ బండ ఉండె, ఎవలిదో పాతిల్లు కూలగొట్టినప్పుడు వచ్చిన గడప బండ, మోకాలికి జర కింద. సైకిల్‌ను దాని పక్కకు ఆపి, ఎడమ కాలు బండ మీద పెట్టి, నిలవడి, కుడికాలు సీటు మీదికెళ్లి మెల్లగ ఇవతలికి గుంజుకునేది. ఎక్కెటప్పుడు గట్లనే. ఇంటికాడ బట్టలు ఉతికే బండ, బజార్ల నా బండ. గీ రెండు తప్ప ఈ దునియల ఆయన దిగెటందుకు ఇంకో జాగ లేదు. దారిల ఏడన్న ఆగాలంటె కరెంటు స్తంభమో గోడో పట్టుకోని సీటు మీదనె ఉండేది. ఆడోళ్ల సైకిల్ కొనుక్కోరాదే అన్నా, రాడ్డుండది, తిప్పలు తప్పుతది అంటినొకసారి. చీర గూడ తే, కట్టుకుంట అన్నడు.

ఆయనకు ఒక్కతె బిడ్డ, భాగ్యలక్ష్మి. తల్లి దాని సిన్నప్పుడే సచ్చిపోయింది. పిల్ల గురుకులంల సదివింది, తర్వాత హైదరాబాద్ల హాస్టల్ల ఉండి రోడ్లు, బజార్లు ఎట్లుండాల్నో గీసే సదువు సదివింది. సెలవులకొస్తె అన్న ఏం జేస్తుండెనో ఎరికేనా. పిల్ల లేవకముందే లేసి, గోడ పట్టుకోని వాకిట్లకు పోయి కుర్సీల కూసునేది. మళ్ల పిల్ల అటో ఇటో పోయినప్పుడే లేసేది. మోకాళ్ల నొప్పులు బిడ్డా, వయసుకొచ్చినయ్, గంతనే అని చెప్పిండు. పిల్ల నమ్మింది. నమ్మకేం జేస్తది, నాయిన మాట గద.

ఎందుకు దాసుడు అంటరేమో. మా దిక్కు గిది ఇంటింటికి ఉన్న రోగమే, ఇంటింటికి దాసుకునుడే. ఫ్లోరైడు ఇల్లని తెలిస్తె పిల్లను అడుగ ఎవలొస్తరు అని మొదట దాసిండు. తర్వాత పిల్లకు నౌకరొచ్చింది, దాని కాళ్ల మీద అది నిలవడ్డది, అయినా దాసిండు. అప్పటికి దాసుడే అలవాటైంది. పిల్ల కండ్లల్ల తను సైకిల్ మీద గాలి లెక్క పోయే బాపు. గా కండ్లల్ల కిందికి దిగుడు ఆయనకు ఇష్టం లేదు. నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకోని ఒట్టేపిచ్చుకున్నడు. భాగ్యకు చెప్తివా, నన్ను నీ చేతుల్తోని సంపినట్టె అన్నడు. గసొంటి మాట అన్నంక ఏం చేస్తర్రా మనుషులు.

కరోనా పోయిన తర్వాత ముచ్చట. భాగ్య పని చేసే కంపెనీకి మా మార్కెట్ చుట్టు సందులు మంచిగ చేసే పని దొరికింది. అందుల సైకిళ్ల స్టాండు గీసే పని మా పిల్ల చేతికొచ్చింది. మొదటి పని అది దానికి. సంబురంతోని వచ్చి నా పొయ్యి పక్కకు స్టూలేసుకోని పొద్దంత కూసునేది. ఏం సూస్తున్నవే అంటె, సైకిళ్లను సూస్తున్న అత్తా అనేది.

"పొద్దుగాల పెట్టి పొద్దుమీకి తీసే బండ్లు వేరు అత్తా, చాయ్ తాగి, గోలీలు కొనుక్కోని, పావుశేరు ఉల్లిగడ్డ తీస్కోని పోయే సైకిళ్లు వేరు," అని చెప్పింది. "గీ కొంచెంసేపు ఆగేటోళ్లు స్టాండు ఏడనో మూల మీదుంటె ఆడికి పోరు. దుకాణం ముంగటనే గోడకు ఆనిచ్చి పోతరు. అందుకె స్టాండే వాళ్ల కాడికి రావాలె."

సందు మూల మీద పాత స్టాండొకటుండె, ముందటి చక్రం ఇరికిచ్చే ఇనుప సందులు. ఎనుక పాల క్యాన్లో గడ్డిమోపో ఉన్న సైకిల్‌ను అందుల ఇరికిస్తె ఒరిగిపోయి చక్రం వంకరయ్యేది. ఎవలు పెట్టకపోయేది, కుక్కలు పండుకునేటియి. మా పిల్ల గది పీకిపిస్త అన్నది. నడుమెత్తు ఇనుప పైపులు వంచి పాతిపిస్తదట, సైకిల్ మొత్తం దానికి ఆనిచ్చి తాళం ఏస్కోవచ్చునట. ఒక్క కారు నిలవెట్టే జాగల పది సైకిళ్లు పడతయని ముగ్గుపిండితోని గీసి సూపిచ్చింది. కార్లోళ్లు మొత్తుకున్నరు. అది ఎవల మాట ఇనలే. నా కోడలుపిల్లే మరి, నా నోరే వచ్చింది దానికి.

ఒకరోజు పిల్ల రాకముందే దిగి, అన్న బండ మీద కూసోని చాయ్ తాగుతుండు. పిల్ల కాయితం మోకాళ్ల మీద పెట్టుకోని అడిగింది. "బాపూ, నువ్వు పొద్దంత తిరిగేటోనివి. సైకిల్ ఆపెటప్పుడు నీకేం గావాలె?"

"నాకేం గావాలె బిడ్డా. జర నీడుంటె సాలు."

అడగందే అమ్మన్న పెట్టదంటరు, ఈడ అడుగుతుంటె గూడ చెప్పవైతివి, నోరు తెర్వు అన్నా, అని అన్న. అంతకంటె ఎక్కువ అనలేను గద. ఆయన నవ్విండు. "మీ అత్త మాట పట్టుకుంటివా, రోడ్డు నడిమిట్ల పొయ్యి కట్టియ్యమంటది." పిల్ల గూడ నవ్వి, కాయితం మీద నీడకు రేకు గీసింది.

ఆ కాయితంల నా బండ లేదు. గిదేందే అంటె, తోవల బండలు, గద్దెలు ఏముండద్దు అత్తా అన్నది. చక్రాల కుర్సీల వచ్చేటోళ్లు, కర్ర పట్టుకోని నడిచేటోళ్లు, కాళ్లు లేవనోళ్లు, అందరికి తోవ సాఫ్‌గ ఉండాలెనట. కాళ్లు లేవనోళ్లు అన్నప్పుడు అది బాపు దిక్కు సూడను గూడ సూడలే. నాకు ఏడుపొచ్చింది, పొయ్యి పొగ అని పైట కొంగుతోని తుడుసుకున్న.

బండ తియ్య మిషనొచ్చిన్నాడు నేను పోయి దాని మీద కూసున్న. నన్ను గూడ లేపి లారీల ఏస్కపోర్రి అన్న. మేస్త్రి భాగ్యకు ఫోన్ చేసిండు, భాగ్య అన్నకు చేసింది. అన్న సైకిల్ మీద వచ్చి, కాలు అదే బండ మీద పెట్టి ఆగిండు.

"లెవ్వు చెల్లె. పిల్ల పనికి అడ్డం రాకు."

"నువ్వెట్ల దిగుతవే మరి?"

"కొత్తగ ఫుట్‌పాత్ కడతరు గద. అది ఎత్తుగనే ఉంటది. దాని మీద కాలు పెట్టి దిగుత. ఒట్టు యాదున్నదా లేదా?"

యాదున్నది. లేసిన. చుట్టు రేకులు కట్టి లోపల పని మొదలువెట్టిర్రు. నేను పొయ్యి తీస్కపోయి సందు చివర మోరి కాడ పెట్టుకున్న. ఆ మోరి గోడ మీద కాలు పెట్టి అన్న దిగుతుండె. పని అయ్యేదాక గట్లనే ఎల్లదీసినం.

స్టాండు తెరిచే రోజు పొద్దుగాల రేకులు తీసిర్రు. నేను అందరికంటె ముందు పోయి సూసిన. ఫుట్‌పాత్ ఎత్తే లేదు. రోడ్డు, ఫుట్‌పాత్, స్టాండు అన్ని ఒక్క సాపు, ఏడ ఒక్క గడప లేదు. నీళ్లు పోస్తె గూడ నిలవనంత సాపు. అది చక్రాల కుర్సీల కోసమని పిల్ల మొదట్నే చెప్పింది, మాకు సమజ్ గాలే. అన్నకు ఫోన్ చేసిన. సైకిల్ మీదున్నప్పుడు ఆయన ఎత్తడు.

అవుగని స్టాండు మస్తు మంచిగున్నది, అబద్ధం ఎందుకు. పైన నీలం రేకు, కింద నీడ, పైపులకు పసుప్పచ్చ రంగు. ఆఫీసర్లొచ్చిర్రు, బంతిపూలు కట్టిర్రు. భాగ్య ఆకుపచ్చ నారాయణపేట చీర కట్టుకోని, చెప్పులు టకటకలాడిచ్చుకుంట అటు ఇటు తిరుగుతుంది. మొదటి సైకిల్ మా బాపు పెడతడు సార్ అని అందరికి చెప్తుంది. నేను దాని చెయ్యి పట్టుకోని, బిడ్డా ఒక స్టూలన్న ఏపియ్యవే అన్న. ఎందుకత్తా, ఎవలు కూసుంటరు అన్నది.

అన్న వచ్చిండు. తెల్లంగి, ఇస్త్రీ చేసింది. గడ్డం గీసుకున్నడు. సంచిల రొట్టెలు గూడ ఉన్నయ్, పని మాత్రం ఇడిసిపెట్టడు. సందు మలుపు తిరుగంగనే ఆయన కండ్లు కింద నేల మీద పడ్డయ్. నేను ఆయన మొకం సూసిన. ఒక్క చూపుల అంత సూస్కున్నడు. కాలు పెట్ట జాగ లేదు.

స్టాండు కాడికొచ్చి ఆగలే. చుట్టు తిరిగిండు. భాగ్య చప్పట్లు కొట్టింది. మా బాపుకు సంబురమైతాంది సూడుర్రి అన్నది. ఆయన నవ్వుకుంట మళ్లొక చుట్టు తిరిగిండు, చెయ్యి గూడ ఊపిండు. అందరు చప్పట్లు. మార్కెట్లోళ్లు ఈలలు. జంగన్నా, ఇయ్యాలన్న దిగే, నీ బిడ్డ స్టాండాయె అని ఒకడు ఒర్రిండు. ఆయన తిరుగుతనే ఉన్నడు. ఆగితె దిగాలె. దిగితె పడాలె. బిడ్డ ముంగట, గంత మంది ముంగట. ఆయన మెడమీద చెమట కారుతాంది, అంగి వీపుకు అంటుకున్నది. సంబురంతోని తిరుగుతుండని అందరు అనుకుంటుర్రు, దిగలేక తిరుగుతుండని నాకొక్కదానికే ఎరుక. ఆయన నా దిక్కు సూసిండు. ఆ చూపు నేను చచ్చేదాక మర్వ.

నాకు ఏం తోచలే. నా నోరే నాకు అక్కెరకొచ్చింది.

"అన్నా, ఈడ ఆటలేందే? రొట్టెలు సల్లారుతున్నయ్. ముందుగాల బ్యాంకు కాడ ఇచ్చి రాపో, ఆళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుర్రు. పో జల్ది."

ఆయన తల ఊపి, హ్యాండిల్ తిప్పి, ఎన్క సందులకు పోయిండు. భాగ్య మొకం సిన్నబోయింది. పూలు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. "ఒక్క నిమిషం ఆగనియ్యకపోతివా అత్తా," అన్నది నాతోని. "నా జిందగిల మొదటి పని. నీకు రొట్టెలే ఎక్కువైనయా?"

పడ్డ. ఆ మాట పడ్డ. ఇంకెవలన్న అంటె పొయ్యిల కట్టె తీస్తుంటి. బాపు జల్దినే వస్తడు బిడ్డా అని మాత్రం అన్న. ఆఫీసర్లు పోయేదాక ఎదురుసూసినం, ఆయన రాలే.

ఎన్క సందుల మెహమూద్ పంక్చర్ దుకాణం ఉన్నది. జర సేపటికి మెహమూద్ ఉర్కొచ్చిండు, చేతులకు గ్రీసు గూడ తుడుసుకోలే. "అక్కా, జంగన్న పడ్డడు. జల్ది రా."

నేను, భాగ్య పోయి సూస్తె అన్న మట్టిల పక్కకు పండుకోని ఉన్నడు. తెల్లంగి ఖరాబైంది. సైకిల్ ఆయన కాళ్ల మీదనె ఉంటె మెహమూద్ పక్కకు తీసిండు. తొడ కాడ ఎముక ఇరిగింది. ఫ్లోరైడు ఎముకలు గట్లనే ఉంటయ్, పైకి రాయి లెక్క గట్టి, పడితె సుద్దముక్క లెక్క ఇరుగుతయ్. ఆటోల ఎక్కిస్తుంటె పండ్లు కొరుక్కున్నడు. భాగ్య ఆయన తల ఒళ్లె పెట్టుకోని, ఎట్ల పడ్డవ్ బాపూ, ఎవడు గుద్దిండు అని అడుగుతనే ఉన్నది.

దవాఖాన వరండల మెహమూద్ చెప్పిండు. ఆయన నా లెక్క ఒట్టేసినోడు గాదు గద.

"ఎవలు గుద్దలేదమ్మా. సందుల సైకిల్ ఆపి దిగనీకె సూస్తున్నడు. గోడ పట్టుకోని, కాలు లేపుడు, మళ్ల కూసునుడు. ఏం జేస్తున్నవ్ భాయ్ అన్న. నా బిడ్డ సూస్తాంది మెహమూద్, ఒక్కసారి నేల మీద దిగుడు వస్తె సాలు, మళ్ల పోయి ఆడ దిగి సూపిస్త అన్నడు. జర ఆగు, పట్టుకుంట అని నేను లేసేలోపట్నే ఒరిగిపోయిండు. మీ అత్త కాడ బండ మీద దిగేటోడు గద రోజు, అది తీసేసిర్రాయె."

భాగ్య నా దిక్కు తిరిగింది. "ఏం బండ అత్తా?"

ఇగ ఒట్టు లేదు, గిట్టు లేదు. అంత చెప్పిన. మునుగోడు నీళ్ల కాడి సంది చెప్పిన. కుర్సీల ముందే కూసునుడు గూడ చెప్పిన. అది గోడకు ఆనుకోని కిందికి జారి కూసున్నది. నన్ను తిట్టినా బాగుండు అనిపిచ్చింది. "సందంత సూసిన అత్తా," అన్నది సివరికి. "పాలోళ్లను సూసిన, గడ్డోళ్లను సూసిన. మా బాపు దిగంగ ఒక్కసారన్న సూడలే." సూడనిస్తె గద బిడ్డా అన్న. దాని తప్పు ఏమున్నది ఇందుల. తప్పు ఆయనదని లోపలికి పోయి మంచం కాడ నిలవడి ఆయన్నే తిట్టిన, కడుపు మండి తిట్టిన. ఆయన కండ్లు మూసుకోని ఇన్నడు.

ఆపరేషన్ చేసినా ఆ ఎముక అతుకుడు కష్టమన్నరు డాక్టర్లు. ఇంటికి తెచ్చినం. అన్న మంచానికే అయిండు. బిడ్డ కండ్ల ముంగట అన్ని చేపిచ్చుకోవాల్సి వచ్చింది, ఇన్నేండ్లు దాసిందంత బయట పడ్డది. మొదట్ల మొకం గోడకు తిప్పుకునేటోడు. భాగ్య ఏమనకుంట తుడిసేది, తినిపిచ్చేది, అంగి మార్చేది. రాను రాను ఆయన మొకం ఇటు తిప్పిండు.

ఆ బండ లారీల ఏడికో పోయిందనుకున్న నేను. పిల్ల తిరిగి తిరిగి మార్కెట్ ఎన్క మట్టికుప్పల ఎతికి పట్టింది. ఆఫీసోళ్లతోని కొట్లాడింది, తోవకు అడ్డం గాకుంట స్టాండు లోపట, మొదటి పైపు పక్కకు పాతిపిచ్చింది. ఫోన్ల ఫోటో తీస్కొచ్చి బాపుకు సూపిచ్చింది.

"బాపూ, ఇగో నీ బండ. నువ్వు లేసినంక ఈడనె దిగుతువు."

అన్న ఫోన్ దగ్గరికి తీస్కోని సూసిండు. నాకేం గావాలె బిడ్డా, మంచిగున్నది అంటడనుకున్న. ఆయన జిందగంత అన్న మాట గదే.

"ఎంత ఎత్తు పెట్టినవ్?" అన్నడు.

పిల్ల లేసి నిలవడి తన కాలి మీద చెయ్యి పెట్టి సూపిచ్చింది. ఆయన మెల్లగ తల అడ్డం తిప్పిండు.

"జర ఎక్కువైంది బిడ్డా. గంతెత్తు నా కాలు లేవదు. నాలుగు వేళ్లంత తగ్గియ్యి."

భాగ్య ఆడనె మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్సింది. పుట్టినప్పటి సంది బాపు దాన్ని ఏదన్న అడుగుడు గదే మొదలు. అన్న దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, ఏడుస్తె ఎట్లనే, మేస్త్రిని రేపు పొద్దుగాల్నే పిలువు, ఆడు ఎండెక్కితె రాడు అన్నడు.

తెల్లారంగనే పోయి నాలుగు వేళ్లంత కిందికి దిగేటట్టు పాతిపిచ్చింది. కుడిపక్కకు గాదు, ఎడమ పక్కకుండాలె అని గూడ అడిగి తెలుసుకోని పోయింది. సాయంత్రమొచ్చి సూపిస్తె ఇగ సరిపోయింది అన్నడు. వానాకాలం మధ్యల అన్న పోయిండు. కొత్తగ పాతినంక ఆ బండ మీద ఒక్కనాడన్న కాలు పెట్టలే.

భాగ్య ఇప్పుడు కొత్తకోటల చేస్తాంది గిసొంటి పనే. సైకిల్ మీదొచ్చే ముసలోళ్లను ఏం గావాలె తాతా అని అడుగదట. ఒక్కసారి దిగి సూపియ్యి తాతా అంటదట. కొందరు తిడతరట. తిట్టనియ్యి అత్తా, దిగేదాక నిలవడుత అని ఫోన్ల చెప్పింది.

నేను మళ్ల నా జాగకే వచ్చి పొయ్యి పెట్టుకున్న, స్టాండుకు ఎదురుంగ. సైకిళ్లు వస్తయ్, పోతయ్. చాయ్ గిలాసలు పట్టుకోని పోరగాండ్లు ఆ బండ మీద కూసుంటరు. నేను లేపుత. ఎవలొస్తరవ్వా, ఉత్తగనే ఉన్నది గద అంటరు. మా అన్నొస్తడు, లెవ్వుర్రి అంట. రాడని నాకు తెల్వదా. అయినా లేపుత.